తేయాకు సారము – స్థూలకాయము : పంచాయతీ సభ్యులకొక పాఠము

కొన్ని నెలల క్రిందట ఒక గ్రామసభకు వెళ్ళియుంటిని. మంచినీరు, వీధిదీపములు, ఇంటిపన్ను మొదలగు విషయములు ముగిసిన పిమ్మట ఒక వార్డు సభ్యురాలు లేచి, చేతిసంచిలోనుండి ఒక డబ్బా తీసి బల్లపై నుంచినది.

“అయ్యా, ఇది తేయాకు సారమంట. రోజుకు రెండు బిళ్ళలు వేసుకుంటే మూడు నెలల్లో లావు తగ్గుతారంట. మా వీధిలో నలుగురు కొన్నారు, మా కోడలూ కొన్నది. నాలుగు రోజుల కూలి దీనికే పోయింది. నర్సమ్మ రక్తం తక్కువుందని ఇనుప బిళ్ళలిస్తే, అవి మానేసి ఇవి వేసుకుంటోంది. ఇది నిజమేనంటారా?” అని ఆమె అడిగినది.

సభలో కొందరు నవ్విరి. కాని అది నవ్వదగిన ప్రశ్న కాదు. ఒక ఇంటి నాలుగుదినముల కూలియు, ఒక స్త్రీ ఆరోగ్యమును ఆ ప్రశ్నలో నిమిడియున్నవి. ఆనాడు నేను పూర్తిగా సమాధానము చెప్పజాలకపోతిని. తరువాత వైద్యుల నడిగి, గ్రంథములు చదివి తెలిసికొన్న సంగతులను ఈ పాఠముగా వ్రాయుచున్నాను. ఇటువంటి ప్రశ్న మీ గ్రామములో నేడో రేపో మిమ్ములను కూడ అడుగుదురు. అప్పుడు ఏమి చెప్పవలెనో సభ్యులకు తెలిసియుండుట అవసరము.

స్థూలకాయము పల్లెలకు వచ్చినది

లావగుట పట్టణములలోని ధనికులకు మాత్రమే కలుగు బాధయని మనలో పలువురు తలచుచుందురు. ఆ కాలము గడచిపోయినది. 2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో దేశము మొత్తముమీద నూటికి 24 మంది అధిక బరువు లేక స్థూలకాయము కలవారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య నూటికి 36. తెలంగాణలో నూటికి 30.

అదే సర్వేలో మరియొక సంగతి కలదు. రెండు రాష్ట్రములలోను ఆ వయస్సు స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి, అనగా ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉన్నది. లావుగా ఉన్నవారు బలముగా ఉన్నారని అనుకొనరాదు. శరీరమున క్రొవ్వు ఎక్కువగాను, రక్తమున ఇనుము తక్కువగాను ఒకే మనిషికి ఉండవచ్చును. ఆ వార్డు సభ్యురాలి కోడలి స్థితి ఇదియే.

బరువు ఎక్కువైనదో లేదో తెలిసికొనుట కష్టము కాదు. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతో హెచ్చించగా వచ్చిన సంఖ్యచే భాగింపవలెను. ఫలితము 25 గాని అంతకు మించి గాని ఉన్నచో పై సర్వే దానిని అధిక బరువుగా లెక్కించినది. ఉదాహరణకు 150 సెంటీమీటర్ల ఎత్తుగల స్త్రీ సుమారు 56 కిలోలు దాటినచో ఈ లెక్కలోనికి వచ్చును. మన దేశీయులకు తక్కువ బరువునందే మధుమేహము, గుండెజబ్బు కలుగు అవకాశమున్నందున, 23 దాటినప్పుడే జాగ్రత్తపడవలెనని వైద్యుల సలహా. లెక్క తెలియనివారికి కొలతటేపు చాలును. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు మించకుండుట మంచిది.

దీనికి కారణము తినుటలోను, పనిచేయుటలోను కలిగిన మార్పు. పూర్వము రోకలి, తిరగలి, మోట, కాలినడక మన శరీరమునకు పని చెప్పెడివి. నేడు ఆ పనులను మరలు, మోటార్లు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు చేయుచున్నవి. ఇది మంచి మార్పే. కాని పని తగ్గినంతగా తిండి తగ్గలేదు. తెల్లబియ్యము, నూనె, చక్కెర పెరిగినవి; జొన్న, రాగి, పప్పు, ఆకుకూర తగ్గినవి. ఖర్చుకాక మిగిలిన శక్తిని శరీరము క్రొవ్వుగా దాచుకొనుచున్నది.

తేయాకులో ఏమున్నది?

ఆకుపచ్చ టీ, మనము త్రాగు నల్లటి టీ వేరువేరు మొక్కలనుండి వచ్చునవి కావు. అస్సాములో గాని, నీలగిరులలో గాని, చైనా జపానులలో గాని పండునది ఒకే జాతి మొక్క. భేదము ఆకును కోసిన తరువాత చేయు పనిలో ఉన్నది. కోసిన వెంటనే ఆకును ఆవిరిపై ఉడికించిగాని, పెనముపై వేడిచేసిగాని ఆరబెట్టినచో ఆకుపచ్చ టీ అగును. ఆకును వాడ్చి, నలిపి, గాలి తగులునట్లుంచి, రంగు మారిన తరువాత ఎండించినచో నల్లటి టీ అగును. మన దుకాణములలో దొరకు టీపొడి ఈ రెండవ రకము.

పచ్చి తేయాకులో కాటెచిన్లు అను పదార్థములు విరివిగా నుండును. నల్లటి టీ తయారగునప్పుడు వీనిలో పెక్కుభాగము వేరు పదార్థములుగా మారిపోవును. ఆకుపచ్చ టీలో అట్లే నిలిచియుండును. రెండింటియందును కెఫీను కలదు. టీ త్రాగినంతనే మగత వీడి ఉత్సాహము కలుగుట ఈ కెఫీను వలననే.

తేయాకు సారమనగా ఆకును నీటిలోగాని, వేరు ద్రవములోగాని నానబెట్టి, వడగట్టి, ఆ ద్రవమును చిక్కబరచి, ఎండించి చేసిన పొడి. అందుచేత పెక్కు గ్లాసుల టీలో నుండు కాటెచిన్లు ఒక చిన్న బిళ్ళలోనికి చేరవచ్చును. ఈ సంగతి సభ్యులు గుర్తుంచుకొనవలెను. దీని లాభనష్టములు రెండును ఇందుండియే పుట్టుచున్నవి.

పరిశోధనలు తేల్చిన దేమి?

తేయాకు సారము లావు తగ్గించునను మాటకు ఆధారము బొత్తిగా లేకపోలేదు. మన శరీరము పనిచేయకున్నను శ్వాసకు, గుండె కొట్టుకొనుటకు, దేహపు వేడిని నిలుపుటకు శక్తిని ఖర్చుచేయుచునే యుండును. ఈ ఖర్చును పెంచు ఒక రసాయనమును నాడులు విడుదల చేయును. అది త్వరగా నశింపకుండ కాటెచిన్లు అడ్డుపడునని, కెఫీను ఆ పనికి తోడ్పడునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

1999లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ప్రచురించిన ఒక పరిశోధన పేరుపొందినది. ఆరోగ్యవంతులైన పదిమంది యువకులను, శక్తి ఖర్చును కొలుచుటకు ప్రత్యేకముగా నిర్మించిన గదిలో ఒక్కొక్క దినము ఉంచిరి. ఆకుపచ్చ టీ సారము తీసికొన్న దినమున వారి శరీరములు నూటికి 4 పాళ్ళు, అనగా సుమారు 80 క్యాలరీలు, అధికముగా ఖర్చుచేసినవి. ఈ 80 అను సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు మనకు పని యున్నది.

గదిలో ఒకదినము కనబడిన ఫలితము, ఇంటిలో మూడునెలలు వాడినప్పుడు కనబడినదా? దీనిని పరిశీలించుటకు ఒక భాగమునకు సారమును, రెండవ భాగమునకు సారములేని బిళ్ళలనో పానీయమునో ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చిరో వారికి తెలియనీయక పరిశోధనలు జరిపిరి. ఇట్టివి 18 పరిశోధనలను కోక్రేన్ అను అంతర్జాతీయ సంస్థ 2012లో ఒకచోట చేర్చి పరిశీలించినది. వానిలో చివరివరకు పాల్గొన్నవారు 1,945 మంది. కాలము 12 లేక 13 వారములు. తేలిన దేమనగా, బరువు తగ్గుదల మిక్కిలి స్వల్పము. ఆరోగ్యమునకు చెప్పుకొనదగిన మేలు చేయునంతటిది కాదు. జపాను వెలుపల జరిగిన పరిశోధనలలోనైతే రెండు భాగములవారికిని భేదము ఇంచుమించు శూన్యము.

కనుక మన సమాధానము ఇట్లుండవలెను. తేయాకు సారమునకు స్వల్పమైన శక్తి ఉన్నది. కాని మనిషి బరువును మార్చగలిగినంత శక్తి లేదు. “మూడు నెలలలో లావు తగ్గును” అను మాట శాస్త్రము చెప్పినది కాదు, అమ్మువాడు చెప్పినది.

సారము వేరు, తేనీరు వేరు

“పనిచేయకున్న పోనిండు, ఆకే గదా, చెరుపు చేయదు గదా” అని కొంద రందురు. ఈ మాట సరికాదు. ఆకుపచ్చ టీ సారముతో చేసిన ఒక సన్నబరచు మందు వాడినవారికి కాలేయము దెబ్బతిన్నట్లు తెలియగా, 2003లో ఫ్రాన్సు, స్పెయిను దేశములలో దాని అమ్మకమును నిలిపివేసిరి. తరువాత ఇతర దేశములనుండియు అట్టి వార్తలు వచ్చినవి. 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఈ విషయమును విచారించి, ముఖ్యమైన కాటెచిన్ ఒకటి దినమునకు 800 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని బిళ్ళల రూపమున తీసికొన్నచో కాలేయమునకు హాని సూచనలు కనబడుచున్నవని తెలిపినది. 2022లో ఐరోపా సమాజము ఆ మోతాదును శాసనముచే నిషేధించినది.

ఆకును వేడినీటిలో వేసి త్రాగు టీకి ఇట్టి భయము సాధారణముగా లేదు. అదే పదార్థము గ్లాసులో కొద్దిగా ఉండును; బిళ్ళలో గుట్టగా ఉండును. పరగడుపున, ఉపవాసముతో బిళ్ళలు వేసికొనుట మరింత ప్రమాదము. అవి వాడుచున్నవారికి కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురురంగుగా వచ్చుట, ఆకలి చచ్చుట, కుడిప్రక్క డొక్కలో నొప్పి కనబడినచో వెంటనే బిళ్ళలు మాని, డబ్బాతోకూడ వైద్యునియొద్దకు పోవలెను. గర్భిణులు, బాలింతలు, కాలేయవ్యాధి గలవారు, ఇతర మందులు వాడువారు వైద్యుని అనుమతి లేనిదే వీనిని తాకరాదు.

మన గ్లాసులోని లెక్క

ఇప్పుడు ఆ 80 క్యాలరీల సంగతి చూతము. చక్కెర లేక పాలు లేక కాచిన టీలో క్యాలరీలు లేవనియే చెప్పవచ్చును. మన టీలో క్యాలరీలు వచ్చునది చక్కెరనుండియు, పాలనుండియు. కొంచెము పొంగుగా నింపిన చిన్న చెంచాకు సుమారు 5 గ్రాముల చక్కెర పట్టును. గ్రామునకు 4 క్యాలరీల చొప్పున చెంచాకు 20 క్యాలరీలు. గ్లాసునకు రెండు చెంచాల చొప్పున దినమునకు నాలుగు గ్లాసులు త్రాగు మనిషి 40 గ్రాముల చక్కెరను, అనగా 160 క్యాలరీలను టీలోనే పుచ్చుకొనుచున్నాడు. సంవత్సరమునకు ఇది 14 కిలోలకు మించిన చక్కెర! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన ప్రకారము, పెద్దవారు దినమునకు సుమారు 25 గ్రాములలోపు చక్కెరతో సరిపెట్టుకొనుట మేలు.

గ్లాసునకు ఒక చెంచా తగ్గించినచో నేమగును? నాలుగు గ్లాసులకు నాలుగు చెంచాలు, అనగా 80 క్యాలరీలు తగ్గును. స్విట్జర్లాండు గదిలో కనబడిన మొత్తము ఫలితము ఇంతియే! ఆ ఫలితమునకు నాలుగుదినముల కూలి పోయవలసియున్నది. చెంచా తగ్గించుటకు ఖర్చు లేదు. పైగా మనిషికి సంవత్సరమునకు 7 కిలోల చక్కెర మిగులును. కాలేయమునకు భయము లేదు.

చక్కెరకు బదులు బెల్లము వేసికొన్న లావు కాము అను నమ్మకము కలదు. బెల్లమునందును క్యాలరీలు ఇంచుమించు అన్నియే. టీతోపాటు తిను బిస్కత్తులను, బజ్జీలనుకూడ లెక్కలో చేర్చుకొనవలెను. చక్కెరను ఒక్కసారిగా మానుట కష్టము. వారమునకు పావుచెంచా చొప్పున తగ్గించిన నాలుక క్రమముగా అలవాటుపడును. టీలో చెంచా తగ్గించుట మొదటి మెట్టు మాత్రమే. నడక, పని, మితాహారము తోడుకానిదే బరువు నిలకడగా తగ్గదు.

టీ – రక్తహీనత

ఆ కోడలి విషయములో అసలు ప్రమాదము ఇక్కడ ఉన్నది. తేయాకులోని పదార్థములు అన్నము, పప్పు, ఆకుకూరలలోని ఇనుముతో కలిసి, దానిని శరీరమునకు అందకుండ చేయును. కాటెచిన్లు గుట్టగానున్న సారమును తినుచు, ఇనుప బిళ్ళలను మానినచో రక్తహీనత రెండువైపులనుండి పెరుగును. అలసట హెచ్చి ఆమె నడువలేదు; నడువనిదే బరువు తగ్గదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో తేయాకు తోటల నడుమనున్న కూనూరులో ప్రారంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2024లో ప్రచురించిన ఆహార నియమములలో, భోజనమునకు ఒక గంట ముందుగాని, తరువాత ఒక గంటలోగాని టీ, కాఫీలు త్రాగవద్దని చెప్పబడినది. కెఫీను దినమునకు 300 మిల్లీగ్రాములు మించరాదనియు, 150 మిల్లీలీటర్ల టీలో అది 30 మొదలు 65 మిల్లీగ్రాములవరకు ఉండుననియు కూడ తెలుపబడినది. ఇనుప బిళ్ళను టీతో మ్రింగరాదు; మంచినీటితోనో నిమ్మరసముతోనో మ్రింగవలెను.

ప్రకటనలు – చట్టము

మందులు, మంత్రపు చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టము 1954లో వచ్చినది. ఫలానా మందు వాడిన ఫలానా వ్యాధి నయమగునని ప్రకటింపరాదని చెప్పుచు, ఆ చట్టము కొన్ని వ్యాధుల పట్టికను ఇచ్చినది. స్థూలకాయము ఆ పట్టికలో ఉన్నది. ఆహారము పేరిట అమ్ము పొడులకు, బిళ్ళలకు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టము వర్తించును. దాని ప్రకారము డబ్బాపై 14 అంకెల లైసెన్సు సంఖ్య, అందలి పదార్థములు, తయారుచేసినవారి చిరునామా, గడువు తేదీ ఉండవలెను. ఇవి లేని డబ్బాను కొనరాదు. ఇవి ఉన్నంతమాత్రమున అది లావు తగ్గించునని ప్రభుత్వము హామీ ఇచ్చినట్లు కాదు. అనుమానము కలిగినచో డబ్బాను, రసీదును భద్రపరచి జిల్లాలోని ఆహార భద్రతాధికారికి తెలుపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చబడినవి. కనుక ఇది మనకు సంబంధింపని పని యని సభ్యులు అనరాదు.

1. గ్రామములో ఆరోగ్య, పోషకాహార దినము జరుగునప్పుడు బరువు యంత్రము, కొలతటేపు సిద్ధముగా ఉంచి, పెద్దవారి బరువు, నడుము కొలత కూడ తీయునట్లు చూడవలెను. అదే సమయమున రక్తపరీక్ష జరుగుట మేలు. ఎవరి కొలత వారికే చెప్పవలెను, పదిమందిలో చదువరాదు.

2. పంచాయతీ సమావేశములలో చక్కెర లేని టీ ఇచ్చి, చక్కెరను వేరుగా ఉంచవలెను. కావలసినవారు కావలసినంత వేసికొందురు. సర్పంచి మొదట చెంచా తగ్గించినచో ఊరు చూచును.

3. టీ దుకాణదారులను పిలిచి, అడిగినవారికి చక్కెర తక్కువగానో, వేరుగానో ఇచ్చునట్లు ఒప్పింపవలెను. దీనివలన వారికి నష్టము లేదు.

4. స్త్రీలు నిర్భయముగా నడుచుటకు వీలగు బాట, దానిపై దీపములు, బాలబాలికలకు ఆటస్థలము ఏర్పరుపవలెను. చీకటిబాట ఉన్న ఊరిలో నడవండని చెప్పుట వ్యర్థము.

5. లావు తగ్గించు మందులు అమ్ముటకు ఊరిలోనికి వచ్చువారిని గూర్చి ఆరోగ్య కార్యకర్తకు తెలిపి, ఆమె అభిప్రాయమును ప్రజలకు తెలియజేయవలెను.

6. లావుగా ఉన్నవారిని ఎగతాళి చేయరాదు. సిగ్గుపడిన మనిషి వైద్యునియొద్దకు పోక, రహస్యముగా డబ్బాలు కొనుటకే పోవును.

మొన్న అదే గ్రామమునకు మరల పోవుట తటస్థించినది. ఆ వార్డు సభ్యురాలు పంచాయతీ కార్యాలయములో టీ తెప్పించినది. చక్కెర వేరుగా వచ్చినది. “మా కోడలు ఆ బిళ్ళలు మానేసిందయ్యా. నర్సమ్మ ఇచ్చినవే వేసుకుంటోంది. పంచదార డబ్బా మా ఇంట్లో పై అరకెక్కింది” అని చెప్పినది. బరువెంత తగ్గినదని నేనడుగలేదు. సాయంత్రము తిరిగివచ్చునప్పుడు చెరువుకట్టమీద ఆ అత్తయు, కోడలును నడచిపోవుచు కనబడిరి.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో ఒక కుటుంబము నెలకు ఎంత చక్కెర వాడుచున్నది? అందులో టీకి ఎంత?

2. లావు తగ్గించునను పొడులు, బిళ్ళలు మన ఊరిలో ఎవరైన కొన్నారా? డబ్బాపై లైసెన్సు సంఖ్య ఉన్నదా?

3. ఇనుప బిళ్ళలు తీసికొనువారు వానిని టీతో మ్రింగుచున్నారా? భోజనమైన వెంటనే టీ త్రాగు అలవాటు ఎన్ని ఇండ్లలో ఉన్నది?

4. సాయంకాలము స్త్రీలు నడుచుటకు మన ఊరిలో ఏ బాట అనుకూలము? దానికి ఏమి మరమ్మతు కావలెను?